ఫొబొస్, భయము: గ్రీకు భయవాచకములును దేవతాకథలును

గ్రీకుభాషయందు 'ఫొబొస్' అను శబ్దము ప్రసిద్ధమైనది. నిఘంటువులను జూచువారెల్లరును దీనికి 'భయము' అను నర్థమును గ్రహింతురు. క్రీస్తునకుఁ బూర్వము 5వ శతాబ్దినుండి వెలసిన నాటకములకును శాస్త్రగ్రంథములకును ఈ యర్థము చాలవఱకు సరిపోవును. హోమరు మహాకవి రచించిన ఇలియడునకు మాత్రమిది సరిపోదు. అందు ఫొబొస్ అనఁగా మనస్సులోని భయము గాదు. యుద్ధమున వెన్నిచ్చి పాఱుట. ఈ భేదమును గమనింపక యనువదించినచో, సేన చెదరిన ఘట్టము మనోవికారవర్ణనముగా మాఱును. కవి చూపినదొకటి, చదువరి చూచునది వేఱొకటి యగును.

రెండవ పొరపాటు మన సంస్కృతపాండిత్యమువలననే కలుగుటకు వీలున్నది. ఫొబొస్ అను పదము చెవినిఁ బడఁగానే మనకు 'భయ' శబ్దము స్ఫురించును. గ్రీకు ఫకారమునకు సంస్కృతమున భకారము ప్రతిరూపమను నియమము నెఱిఁగినవారికి ఈ స్ఫురణము మఱింత దృఢమగును. అయినను ఈ రెండు శబ్దములకును బంధుత్వము లేదు. మూఁడవది దేవతాకథలకు సంబంధించినది. ఫొబొస్ అను దేవత యుండెను గావున నా దేవతపేరే భయమునకుఁ బేరయ్యెనని చెప్పుట కలదు. ఆ మాట తలక్రిందులుగానున్నది. ఈ మూఁడు విషయములను గ్రమముగా విచారించి, భయవాచకముల చరిత్రము కావ్యార్థనిర్ణయమునకెట్లు తోడ్పడునో చూపుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

1. హోమరు ప్రయోగము

ఇలియడు 22వ సర్గమున హెక్టరు ట్రాయి నగరద్వారమునొద్ద నొంటిగా నిలిచి ఎకిలీసు రాకకై వేచియుండును. తండ్రి ప్రాకారముమీఁదినుండి వేఁడికొనెను. తల్లి కన్నీరు నించెను. అయినను హెక్టరు లోపలికిఁ బోలేదు. తుదకు ఎకిలీసు అగ్నివలె వెలుఁగు కవచముతో సమీపింపఁగా హెక్టరును 'త్రొమొస్', అనఁగా వడఁకు, పట్టుకొనెను. అంతట నాతఁడు నిలువఁజాలక ద్వారమును విడిచి పరువెత్తెను. ఈ పరువెత్తుటను దెలుపుటకుఁ గవి వాడిన 'ఫొబేథెయిస్' అను రూపము ఫొబొస్ శబ్దముతోఁ బుట్టినదే. కవి చెప్పిన క్రమము స్పష్టము. మొదట దేహమును బట్టినది వడఁకు. పిదపఁ గాళ్లు చేసిన పని ఫొబొస్. ఇచ్చట 'భయపడి పోయెను' అని యనువదించినచో, వడఁకు పట్టెనని చెప్పినదానినే మఱలఁ జెప్పినట్లగును. ఆ పునరుక్తిదోషము కవిది గాదు, అనువాదకునిది. అదిగాక, ట్రాయి చుట్టును ముమ్మాఱు సాగిన యా పరువునకు నాందియైన పదమే మాయమగును.

ఇట్టి ప్రయోగములు మఱికొన్ని కలవు. 8వ సర్గమున వృద్ధుఁడగు నెస్టరు డయొమీడీసుతో గుఱ్ఱములను 'ఫొబొన్‌దె' త్రిప్పుమని చెప్పును. తుదనున్న 'దె' యను ప్రత్యయము దిక్కును దెలుపునది. ఇంటివైపు, సముద్రమువైపు అని చెప్పుటకు హోమరు దీనినే వాడును. గుఱ్ఱములను పలాయనమువైపు త్రిప్పవచ్చును గాని భయమువైపు త్రిప్పుట యెట్లు? 5వ సర్గమున ఈనియసు గుఱ్ఱములకు 'ఫొబొసును గల్పించునవి' అను విశేషణము కలదు. వేగముచేత శత్రువులు వెన్నిచ్చునట్లు చేయు నశ్వములని దాని భావము. ఈ నామమునకు మూలమైన 'ఫెబొమై' యను క్రియకు హోమరునందు పాఱుట యొక్కటే యర్థము.

ఈ సంగతిని గనిపెట్టినవారు నవీనులు గారు. క్రీ. పూ. 2వ శతాబ్దమున ఈజిప్టుదేశములోని అలెగ్జాండ్రియా గ్రంథాలయమునకు అధిపతియై యుండిన అరిస్టార్కసు, హోమరునందలి ఫొబొస్ శబ్దమునకుఁ బలాయనమని యర్థము చెప్పి, తన కాలపు వాడుకను బట్టి భయమని వ్యాఖ్యానించుట తగదని బోధించెను. కవిపదమునకుఁ గవిప్రయోగమే మొదటి ప్రమాణమనుట యాతని పద్ధతి. ఆతఁడు గ్రీకుభాష మాతృభాషగాఁ గలవాఁడు. అయినను వాడుకపదమే తన్ను మోసపుచ్చునని యెఱిఁగి జాగ్రత్తపడెను. ఆంగ్లానువాదములను జూచి మఱల ననువదించు మన మెంత జాగ్రత్తపడవలయునో వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

ఈ మతమునకుఁ జిక్కు గలిగించు చోటొకటి కలదు. 9వ సర్గారంభమున గ్రీకుసేనను 'ఫ్యూజ' పట్టుకొనెననియు, అది చల్లని ఫొబొసునకుఁ జెలికత్తెయనియుఁ గవి చెప్పును. ఆ రాత్రి సేన పాఱిపోలేదు, శిబిరమునందే యున్నది. కావున నిచ్చట ఫొబొస్ పలాయనమెట్లగునని ప్రశ్న. ఫ్యూజ యనఁగాఁ బాఱవలెనను తహతహ; అది మనస్సునఁ బుట్టి పలాయనమునకు దారితీయును గావున దానికిఁ జెలికత్తె యనుట యుక్తమే యని సమాధానము చెప్పవచ్చును. అయినను 'చల్లని' యను విశేషణము దేహమునకుఁ దెలియు జలదరింపును సూచించుచున్నది. పదము లోపలికిఁ దిరుగుటకు హోమరు కాలముననే బీజము పడినదని యొప్పుకొనుట న్యాయము. ఒక్క చోటు చిక్కుగానున్నదని తక్కిన చోట్లనెల్ల నర్థమును మార్చుట మాత్రము న్యాయము గాదు.

2. ధాతువిచారము

ఇఁక భయశబ్దముతోడి పోలికను బరీక్షింతము. గ్రీకు 'ఫెరో' సంస్కృతమున 'భరామి', 'ఫ్రాతేర్' 'భ్రాతృ', 'నెఫొస్' 'నభస్'. కావున ఫొబొస్ శబ్దములోని మొదటి హల్లు మన భకారమునకు సరిపోవుననుట నిజము. కాని పదము మొదటి హల్లుతోనే ముగియదు. రెండవ హల్లునుగూడఁ జూడవలెను. ఇచ్చటి గ్రీకు బకారమునకు సంస్కృతమున గకారమో జకారమో ప్రతిరూపముగా నుండవలెను. 'బౌస్' అనఁగా గోవు; 'బియొస్' అనఁగా జీవము; 'బరుస్' అనఁగా గురువైనది. ఈ 'బరుస్' అను పదమును విని మన 'బరువు' అను పదముతోఁ గలుపవలెనని తోఁచును. దాని నిజమైన చుట్టము 'గురు' శబ్దమే. చెవికిఁ దోఁచు పోలిక యెంత మోసపుచ్చునో యీ యొక్క యుదాహరణమే చాలును.

ఈ నియమము ననుసరించి, ఫొబొస్ ధాతువునకు సంస్కృతమున నొక రూపముండినచో నది భకారమునకుఁ బిమ్మట గకారమో జకారమో కలిగియుండవలెను. భయశబ్దమట్టిది గాదు. భీధాతువునకు గుణమును, దానికి అయాదేశమును వచ్చి భయమైనదని వ్యాకరణము చదివిన బాలుఁడును జెప్పఁగలఁడు. దానిలోని యకారము ఈకారము యొక్క మాఱురూపము; దానికి గ్రీకు బకారముతో నెట్టి సంబంధమును లేదు.

ఇంతకంటె బలవత్తరమగు సాక్ష్యము లిథువేనియాభాషయందుఁ గలదు. ఆర్యభాషాకుటుంబమునందు మిగులఁ బ్రాచీనరూపములను గాపాడుకొన్న యా భాషలో 'బియొతి' యనఁగా భయపడుట. 'బేగ్తి' యనఁగాఁ బరువెత్తుట. మొదటిది మన భీధాతువునకుఁ జుట్టము. రెండవది గ్రీకు ఫెబొమై యను క్రియకుఁ జుట్టము. ఒకే యింట రెండు పదములును వేఱువేఱుగా నిలిచియుండఁగా, అవి మొదట నొక్కటే యనుటకుఁ దావు లేదు. పరువెత్తుట యను ప్రాచీనార్థము బేగ్తియందు నేఁటికిని నిలిచియుండుట అరిస్టార్కసు సిద్ధాంతమునకుఁ దోడైనది.

భయశబ్దమునకు గ్రీకునందుఁ జుట్టము లేకున్నను, మన 'త్రాస' శబ్దమునకుఁ గలదు. సంస్కృత త్రస్ ధాతువును, గ్రీకు 'త్రెయో' యను క్రియయు, లాటిను 'తెర్రెయో' యను క్రియయు నొకే మూలమునుండి వచ్చినవి. గ్రీకున రెండచ్చుల నడుమనున్న సకారము లోపించుట నియమము గావున త్రెయో రూపమున సకారము గనఁబడదు. హోమరునందు ఈ క్రియకును బెదరి వెనుకకుఁ దొలఁగుట యర్థము. క్రీ. పూ. 480లో థెర్మొపిలే కనుమయొద్ద లియొనిడాసును ఆతని మున్నూఱుమంది స్పార్టనులును మడియఁగా, బ్రతికి యిల్లు చేరిన అరిస్టొడీమసును స్పార్టావారు 'త్రెసాస్' అని నిందించిరని హెరొడోటసు వ్రాసెను. వడఁకినవాఁడని దాని యక్షరార్థము, పాఱివచ్చినవాఁడని తాత్పర్యము. ఆతని కెవరును నిప్పు నీయలేదు, పలుకరింపనైన లేదు. మఱుసటియేఁడు ప్లటీయా యుద్ధమున నాతఁడు తెగువతోఁ బోరాడి మడిసెను. ఒక్క పదము మనుష్యుని యెట్లు వెంటాడునో యీ వృత్తాంతము చెప్పుచున్నది.

మన వేదమునందును త్రస్ ధాతువు మొదట నిట్టి యర్థమే గలిగియుండెను. ఋగ్వేదము 8వ మండలము 48వ సూక్తము 11వ ఋక్కున, సోమపానముచేఁ దమశ్శక్తులు తొలఁగిపోవుటను జెప్పుచో, నిరుపసర్గముతోఁగూడిన త్రస్ ధాతువును భీధాతువును బక్కపక్కనే ప్రయోగింపఁబడినవి. మొదటిది బెదరి తొలఁగిపోవుటను, రెండవది భయపడుటను దెలుపును. రెండును బర్యాయములేయైనచో ఋషి రెండింటిని వాడుటకుఁ బ్రయోజనము గనఁబడదు. హెక్టరు ఘట్టమునఁ జూచిన వివేకమే యిచ్చటను గలదు.

3. రెండుగాఁ జీలిన మనస్సు

గ్రీకుభాషలో మనస్సునందలి భయమునకు వేఱు పదమున్నది. అది 'దెయొస్', దానికి 'దెయిదో' యను క్రియ, దానినుండియే 'దెయిమొస్' అను నామము. ఈ ధాతువునకు రెండు అను సంఖ్యావాచకముతో సంబంధము కలదని ఫ్రెంచిపండితుఁడగు బెన్వెనిస్తు 1954లోఁ బ్రకటించిన వ్యాసమున వాదించెను. ఆతఁడు చూపిన ప్రయోగము 9వ సర్గమునందలిది. అలిగియున్న ఎకిలీసుతో ఒడిస్సియసు, మేము వెఱచుచున్నాము, ఓడలు దక్కునో నశించునో యన్నది రెంటి నడుమ నున్నది యని చెప్పును. వెఱచుట, రెండగుట యను నీ రెండు మాటలును నచ్చటఁ బ్రక్కప్రక్కనే యున్నవి. భయమనఁగా రాఁబోవుదానినిగూర్చి మనస్సు రెండుగాఁ జీలుట యని యీ వ్యుత్పత్తికిఁ దాత్పర్యము. సంస్కృతమున 'ద్వాపర' శబ్దమునకు సందేహమను నర్థము కలదని యమరకోశము చదివిన మన కీ భావము వింత గాదు. లాటినునఁగూడ సందేహవాచకము రెండు అను సంఖ్యనుండియే పుట్టినది.

కావున హోమరు కాలమున నీ మూఁడు పదములును మూఁడు పనులను దెలిపినవి. త్రొమొస్ దేహమునకు, దెయొస్ మనస్సునకు, ఫొబొస్ కాళ్లకును సంబంధించినవి. మూఁటికిని 'భయము' అని యొక్కటే ప్రతిపదము పెట్టుట, మూఁడు రంగుల చిత్రమును మసితోఁ దిరిగి వ్రాయుటవంటిది.

4. శబ్దమునుండి దేవత

ఇఁక దేవతల సంగతి. ఇలియడునందు ఫొబొస్ యుద్ధదేవతయగు ఏరీసునకుఁ బుత్రుఁడు. 4వ సర్గమున దెయిమొస్, ఫొబొస్, కలహదేవతయగు ఎరిస్ సేనలను బురికొల్పుదురు. 11వ సర్గమున ఆగమెమ్నాను డాలుపై గోర్గను ముఖమునకు నిరువైపులను దెయిమొసును ఫొబొసును జిత్రింపఁబడియుందురు. 15వ సర్గమున ఏరీసు తన గుఱ్ఱములను బూన్పుఁడని యీ యిరువురను ఆజ్ఞాపించును. హెసియోడు తన దేవవంశకావ్యమున వీరిరువురును ఏరీసునకును ఆఫ్రొడైటికిని జన్మించిరనియు, యుద్ధమున దట్టముగా నిలిచిన వ్యూహములను జెదరఁగొట్టుదురనియుఁ జెప్పెను. హార్మొనియా యను సామరస్యదేవత వీరికిఁ దోఁబుట్టువు.

ఈ కథలయందుఁ గవులు ఫొబొసునకుఁ జెప్పిన పని వ్యూహమును జెదరఁగొట్టుటయే. ఎవని మనస్సులోనో కూర్చుండి పీడించుట యాతని పని గాదు. దేవతయొక్క యీ స్వభావమునకు శబ్దముయొక్క ప్రాచీనార్థమే మూలము. పాఱుట యను క్రియనుండి పలాయనమను నామము, ఆ నామమునుండి మూర్తి, ఆ మూర్తికిఁ దండ్రియుఁ దల్లియు, పిదపఁ బూజ: ఇది క్రమము. దేవతయే ముందైనచో, ఆతనితో సంబంధము లేని లిథువేనియాభాషలో నా ధాతువే పరువెత్తుట యను నర్థమున నుండుటకుఁ గారణము చెప్పలేము.

మూర్తి యేర్పడిన తరువాత నా దేవత కావ్యములయందే నిలువలేదు. ఒలింపియాయందుండిన కిప్సెలసు పేటికమీఁద ఆగమెమ్నాను డాలుపైఁ జెక్కఁబడిన ఫొబొసునకు సింహముఖమున్నదని పౌసానియసు వ్రాసెను. సిసిలీద్వీపమునందలి సెలీనుసు నగరమున క్రీ. పూ. 5వ శతాబ్దపు శాసనమొకటి, తమకు జయమిచ్చిన దేవతలలో జియసునకుఁ బిమ్మట ఫొబొసును బేర్కొనుచున్నది. జయించినవారు ఫొబొసును గొనియాడుట చూడఁగా, ఆతఁడు శత్రువులను వెన్నిచ్చునట్లు చేయు దేవతయనియే వారు తలంచిరని స్పష్టము. క్రీ. పూ. 331లో గాగమేలా యుద్ధమునకు ముందటి రాత్రి అలెగ్జాండరు ఫొబొసునకు బలియిచ్చెనని ప్లూటార్కు చెప్పెను. ఇది పిఱికివాని ప్రార్థన గాదు. శత్రుసేన చెదరవలెనను సేనాపతి కోరిక.

స్పార్టాయందు మాత్రము దేవతయు మాఱెను. అచ్చట ఎఫొరులను అధికారుల భోజనశాలయొద్ద ఫొబొసునకు గుడి యుండెననియు, రాజ్యమును నిలుపునది భయమేయని తలంచి స్పార్టావా రాతనిఁ గొలిచిరనియుఁ బ్లూటార్కు తెలిపెను. వ్యూహమును జెదరఁగొట్టిన దేవత యిచ్చట వ్యూహమును గూర్చి నిలుపు దేవత యయ్యెను. శబ్దము లోపలికిఁ దిరిగెను గావున దేవతయు లోపలికిఁ దిరిగెను. అరిస్టొడీమసును బహిష్కరించిన నగరము నందే యిట్టి గుడి యుండుట యుక్తముగానే యున్నది.

5. అర్థపరిణామము

ఈ మాఱ్పు గద్యగ్రంథములయందుఁ జక్కఁగాఁ గనఁబడును. క్రీ. పూ. 401లో కునాక్సా యుద్ధమునకుఁ బిమ్మట నొకరాత్రి గ్రీకుల శిబిరమున ఫొబొస్ వచ్చిపడెనని జెనొఫను వ్రాసెను. గొప్ప కలకలము పుట్టెను. కాని యెవరును బాఱిపోలేదు. సేనాపతియగు క్లియార్కసు చాటింపువానిని బిలిపించి, ఆయుధముల నడుమకు గాడిదను వదలినవాని పేరు చెప్పినవారికి ఒక టాలెంటు వెండి బహుమానమని చాటించెను. భయము వట్టిదని సైనికులు తెలిసికొని శాంతించిరి. హోమరు చెవికి ఈ వాక్యము వింతగాఁ దోఁచియుండును. పరువు లేదు గాని ఫొబొస్ ఉన్నది.

ఆ కాలముననే పదభేదములను విచారించిన ప్రొడికసు అను సోఫిస్టు ఉండెను. ప్లేటో రచించిన ప్రొటాగరసు సంవాదమున సోక్రటీసు, రాఁబోవు కీడును నిరీక్షించుట భయమనిచెప్పి, దానిని ఫొబొస్ అందురా దెయొస్ అందురా యని యడుగును. తక్కినవారు రెండును సరియే యనిరి. ప్రొడికసు మాత్రము అది దెయొస్, ఫొబొస్ గాదనెను. ప్లేటో యాతని సూక్ష్మతను గొంత పరిహసించినట్లున్నను, శబ్దచరిత్రను జూచినచోఁ బ్రొడికసు పక్షమే నిలుచును. నిరీక్షించునది మనస్సు, ప్రాచీనమగు ఫొబొస్ నిరీక్షింపదు, పరువెత్తును. అయినను లోకవ్యవహారము ప్రొడికసును దాఁటిపోయెను. అరిస్టాటిలు తన వక్తృత్వశాస్త్రమున, రాఁబోవు కీడును భావించుటచేఁ గలుగు బాధయే ఫొబొస్ అని లక్షణము చెప్పెను. కావ్యశాస్త్రమున విషాదనాటకమునకుఁ గరుణతోపాటు దీనినే యావశ్యకముగాఁ జేసెను. ఇచ్చట 'భయము' అనుటలో దోషము లేదు. మన నాట్యశాస్త్రమునందు భయము భయానకరసమునకు స్థాయిగాను, త్రాసము వ్యభిచారిగాను చెప్పఁబడినవి. ఉఱుము, పిడుగు, ఉల్క మొదలగువానిచే నాకస్మికముగాఁ బుట్టునది త్రాసము. ఈ విభాగమును బట్టి చూడఁగా హోమరు ఫొబొస్ త్రాసమునకును దాని ఫలమగు పలాయనమునకును జేరువది. అరిస్టాటిలు ఫొబొస్ స్థాయియగు భయమునకుఁ జేరువది. ఒక్క పదమే వ్యభిచారిపక్షమునుండి స్థాయిపక్షమునకు నడచినది.

వైద్యశాస్త్రమునందును ఈ భేదమునకు జాడ కలదు. పిచ్చికుక్క కాటువలనఁ గలుగు రోగమును గ్రీకులు 'హుద్రొఫొబియా' యనిరి. సుశ్రుతుఁడు కల్పస్థానమున దానినే 'జలత్రాసము' అనెను. నీటిని జూచినంతనే, దాని చప్పుడు విన్నంతనే రోగి యదరిపడుటను జూచి భయశబ్దమును విడిచి త్రాసశబ్దమును గ్రహించుట యాతని పదవివేకమును దెలుపుచున్నది.

6. దేవతనుండి శబ్దము

పై క్రమమునకు విరుద్ధముగా నడచిన పదమొకటి కలదు. నేఁడు ప్రపంచమందంతటను వినఁబడు 'పానిక్' అను పదము పాన్ అను దేవతపేరినుండి పుట్టినది. ఇచ్చట దేవత ముందు, శబ్దము వెనుక. పాన్ అర్కేడియా కొండలలోని గొల్లల దేవత, మేఁకకాళ్లును గొమ్ములును గలవాఁడు, పిల్లనగ్రోవి నూఁదువాఁడు. క్రీ. పూ. 490లో మారథాను యుద్ధమునకు ముందు స్పార్టాకుఁ బంపఁబడిన ఫిలిప్పిడీసు అను వార్తాహరునకుఁ బార్థెనియను కొండమీఁదఁ బాన్ కనఁబడి, ఏథెన్సువారు తన్నేల యాదరింపరని యడిగెననియు, పిదప వారు అక్రొపొలిసు క్రింద నాతనికి గుడి యేర్పఱచిరనియు హెరొడోటసు వ్రాసెను. పాన్ పారసీకులకు బెదరు పుట్టించెనని మాత్రము హెరొడోటసు చెప్పలేదు. అది తరువాతివారు చేర్చినది. ఈ భేదమును బాఠశాలలలోఁ గథ చెప్పువారు గమనింపవలెను.

యూరిపిడీసు పేర వ్యవహరింపఁబడు 'రీససు' నాటకమున, రాత్రివేళఁ గలఁతపడివచ్చిన కావలివారిని హెక్టరు, పాన్ కొరడాదెబ్బకు బెదరితిరా యని యడుగును. క్రీ. పూ. 4వ శతాబ్దమున నగరరక్షణమునుగూర్చి గ్రంథము వ్రాసిన ఈనియసు (ట్రాయి వీరునితో నామసామ్యమే గాని వేఱు సంబంధము లేదు) సేనలలో రాత్రులందుఁ బుట్టు నకారణభయమునకు 'పానెయియా' యను పేరు పెలొపొనీససు ప్రాంతమునను, విశేషించి అర్కేడియాయందును వాడుకలోనున్నదని చెప్పి, దాని నడఁచు నుపాయములను దెలిపెను. క్రీ. పూ. 279లో డెల్ఫీక్షేత్రముపై దండెత్తివచ్చిన గాలులు రాత్రియందు లేని గుఱ్ఱపుడెక్కల చప్పుడు విని, తమలో దామే యొండొరులను జంపుకొనిరనియు, కారణములేని భయము పాన్ వలనఁ గలుగునందురనియుఁ బౌసానియసు వ్రాసెను.

గొల్లల దేవతకును సేనల కలఁతకును సంబంధమేమి? మందను గాచినవారికి దీని సమాధానము తెలియును. నిశ్శబ్దముగా మేయుచున్న మంద కంటికిఁ గనఁబడు కారణము లేకయే యొక్కసారిగా బెదరి పరువెత్తును. మందను గాచుటయు మందను బెదరించుటయు నొకే దేవత చేతిలో నుండుట గొల్లల యనుభవమునకు సహజము. మన తెలుఁగున 'బెదరు' అను పదము పశువులకును మనుష్యులకును సమానముగాఁ జెల్లుచున్నది. పానిక్ అను పదమునకు నింతకంటెఁ దగిన తెలుఁగు వెదకనక్కఱలేదు.

పాన్ అను పేరునకు 'సర్వము' అని యర్థము చెప్పుట ప్రాచీనమైనది. ఆతనిఁ జూచి దేవతలందఱు సంతసించిరి గావున నా పేరు వచ్చెనని హోమరు పేరఁ బరఁగు స్తోత్రమొకటి చెప్పును. ఇది చెవిపోలికనుబట్టి కల్పించిన నిరుక్తము. అర్కేడియా శాసనమున నాతని పేరు 'పావోన్' అని కనఁబడుచున్నది. సర్వార్థకమగు పదమునుండి యీ రూపము రాదు. మేపుట, కాచుట యను నర్థములుగల ధాతువునుండి యిది వచ్చెనని పలువురు పండితుల మతము. మన 'గోప' శబ్దములోని పాధాతువును, లాటిను 'పాస్తొర్' శబ్దమును దానికిఁ జుట్టములు. మార్గములను గాచువాఁడును, తప్పిన పశువులను వెదకితెచ్చువాఁడును, మేఁకలు పూన్చిన రథము గలవాఁడును నగు వైదిక పూషుఁడే పాన్ అని హెర్మన్ కొల్లిత్సు 1924లో వాదించెను; దానిని గూర్చి నేఁటికిని నభిప్రాయభేదములు గలవు. ధాతువు విషయమైన మతమే నిలుచునేని, భయవాచకములలో మిక్కిలి వ్యాప్తిఁ జెందిన యీ పదమునకు మూలార్థము 'కాచువాఁడు' అని యేర్పడును.

7. ఫలితము

దేవతలు భాషకుఁ బట్టిన రోగమువలనఁ బుట్టిరని మాక్సుముల్లరు 19వ శతాబ్దమున సిద్ధాంతము చేసెను. శబ్దముల మూలార్థము మఱచుటచే నవి వ్యక్తులుగాఁ దోఁచెనని యాతని తాత్పర్యము. ఫొబొస్ విషయమున శబ్దము ముందను మాట నిజమే. కాని మఱపువలన దేవత పుట్టలేదు. మూలార్థము జీవించియున్నప్పుడే, కవులు దానిని చక్కఁగా నెఱిఁగియే మూర్తిని గల్పించిరి. పాన్ విషయమున సిద్ధాంతము పూర్తిగాఁ దలక్రిందులగుచున్నది. కావున దేవతలెల్లరు శబ్దములనుండి పుట్టిరనుటయు, శబ్దములెల్ల దేవతలనుండి పుట్టెననుటయు నొక్కరీతి తొందరపాటులే. ప్రతిపదమునకును వేఱువేఱుగాఁ జరిత్ర విచారింపవలెను.

అనువాదకులకు నా మనవి యిది. హోమరునందు ఫొబొస్ కనఁబడినచోట 'వెన్నిచ్చుట', 'కాకవికలై పాఱుట' యనియు, త్రొమొస్ కనఁబడినచోట 'వడఁకు' అనియు, దెయొస్ కనఁబడినచోట 'వెఱపు' అనియు వ్రాయుట మేలు. నాటకములయందును శాస్త్రములయందును ఫొబొస్ భయమే. పాన్ పేర వచ్చిన దానిని బెదరు అనవచ్చును. ఇన్ని పదములు మనకుండఁగా, అన్నిటికిని 'భయము' అను నొక్క పదమునే వాడుట భాషకుఁ బేదఱికమును దెచ్చిపెట్టుటయే.

1877లో ఆసఫ్ హాల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుఁడు అంగారకునకు రెండుపగ్రహములున్నవని కనిపెట్టెను. ఇలియడు 15వ సర్గమును స్మరించిన హెన్రీ మాడన్ సూచననుబట్టి వానికి ఫొబొస్, దెయిమొస్ అను పేర్లు పెట్టఁబడినవి. మన పాఠ్యపుస్తకములలో నీ పేర్లకు భయము, భీతి యని పర్యాయపదములు వ్రాసినచో బాలురకు రెండును నొక్కటే యని తోఁచును. ఒకటి పరువు, రెండవది వెఱపు అని చెప్పినచో, ఒక్క మాటతోనే హోమరు యుద్ధభూమి వారి కన్నుల యెదుట నిలుచును. పండితులు దీనిని విచారింతురు గాక.